మతిమరుపు వచ్చిన పెద్దవాళ్ల మందులు తగ్గించడం ఎలా: బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఇళ్లకు

మతిమరుపు జబ్బు (డిమెన్షియా) వచ్చిన అమ్మకో మావయ్యకో రోజుకు పన్నెండు మాత్రలు పడుతున్నాయంటే, ఆ పన్నెండూ ఒకే డాక్టరు రాసి ఉండరు. మన సరిహద్దు ఊళ్లలో ఇది మరీ ఎక్కువ. బీపీకి బరంపురంలో చూపిస్తారు, గుండెకి విశాఖ తీసుకెళ్తారు. పర్లాకిమిడి వాళ్లు పాతపట్నమో టెక్కలో పోతారు, గుణుపురం, రాయగడ వాళ్లు పార్వతీపురం పోతారు. జిల్లా ఆసుపత్రిలో నిరామయ (ఒడిశా ప్రభుత్వ ఉచిత మందుల పథకం) కౌంటరు దగ్గర ఇచ్చినవి కొన్ని. ఒళ్లు నొప్పులకి ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చినవి ఇంకొన్ని. ఎవరికి వారు ఆ రోజు ఎదురుగా ఉన్న బాధ చూసి ఒకటో రెండో కలిపారు. తీసెయ్యమని ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే మూట మొత్తం ఎవరూ చూడలేదు.

ఆ మూట విప్పి, ఏది అక్కర్లేదో తేల్చుకుని, ఒక్కొక్కటిగా దించే పద్ధతి ఇది. మోతాదు మార్చే నిర్ణయం డాక్టరుదే. కానీ ఆయనకి కావలసిన వివరమంతా ఇంట్లోనే ఉంది. దాన్ని పోగుచేయడం, తగ్గించాక మనిషిని కనిపెట్టి ఉండడం మీవంతు.

వయసు మీద పడ్డాక మూత్రపిండాలు మందుని మెల్లగా బయటికి పంపుతాయి, ఒంట్లో కండ, నీరు తగ్గుతాయి. పదేళ్ల కిందట సరిపోయిన మోతాదు ఇప్పుడు ఎక్కువైపోతుంది. పైగా మతిమరుపు ఉన్న మనిషి "ఈ మాత్ర వేసుకున్నాక కళ్లు తిరుగుతున్నాయి" అని చెప్పలేరు. పడిపోయాకో, అన్నం మానేశాకో మనకి తెలుస్తుంది. అప్పుడు కూడా "జబ్బు ముదిరింది" అనుకుంటాం.

ఉన్నపళంగా ఆపకూడనివి

ఇది చదివి ఈ రాత్రే ఏదో ఒక మాత్ర తీసెయ్యకండి. కొన్ని మందులు ఒక్కసారిగా ఆపితే అవి తెచ్చే ప్రమాదం వాటిని వేస్తే వచ్చే నష్టం కన్నా ఎక్కువ.

నిద్రమాత్రలు (అల్‌ప్రజోలామ్, క్లోనజెపామ్, లోరజెపామ్) నెలల తరబడి వాడి ఆపేస్తే వణుకు, భ్రమలు, ఫిట్స్ రావచ్చు. మూర్ఛకి వాడే మందులు ఆపితే మూర్ఛ తిరిగి వస్తుంది. పార్కిన్సన్‌కి వాడే లెవోడోపా ఆపితే ఒళ్లు కొయ్యబారి జ్వరం ఎక్కి ప్రాణం మీదికి రావచ్చు. గుండెకి వాడే మెటోప్రొలాల్, అటెనొలాల్, బీపీకి వాడే క్లోనిడిన్ ఆపితే బీపీ, గుండె దడ ఎగదన్నుతాయి. డిప్రెషన్ మాత్రలు, కండరాల బిగువుకి ఇచ్చే బాక్లోఫెన్ కూడా ఇదే కోవ. స్టెంటు వేశాక ఇచ్చిన క్లోపిడోగ్రెల్, గుండె లయ తప్పినవాళ్లకి ఇచ్చే రక్తం పలచబరిచే మందులు, థైరాయిడ్ మాత్ర, ఇన్సులిన్: వీటి జోలికి గుండె డాక్టరు, షుగర్ డాక్టరు చెప్పకుండా పోవద్దు.

మన వైపు ఇంకొకటి ఉంది. మోకాళ్ల నొప్పులకని సంతల్లో, నాటువైద్యుల దగ్గర కొనే పొడి పొట్లాలు. కొన్నింటిలో చెప్పకుండా స్టెరాయిడ్ కలుపుతారు. పొట్లం వేసిన రెండు రోజుల్లో నొప్పి మాయమై, నెలలు గడిచేకొద్దీ ముఖం గుండ్రంగా ఉబ్బి, చర్మం పలచబడి, షుగర్ పెరిగి ఉంటే అనుమానించాల్సిందే. అలాంటివి చాలాకాలం వాడి ఒక్కరోజులో మానేస్తే బీపీ పడిపోయి స్పృహ తప్పవచ్చు. పొట్లాన్ని పారెయ్యకుండా డాక్టరుకి చూపించండి, దాన్ని ఎలా ఆపాలో ఆయనే చెబుతారు.

మొదటి పని: అంతా చాప మీద పరచడం

అల్మరా, ఫ్రిజ్, దేవుడి గూడు, దిండు కింద, పెద్దవాళ్ల చేతిసంచి, కోడలి హ్యాండ్‌బ్యాగు అన్నీ వెతకండి. మాత్రలే కాదు. కంటి చుక్కలు, దగ్గు సిరప్, జలుబు బిళ్లలు, ఆయుర్వేద లేహ్యం, హోమియో గుళికలు, బలానికి తాగే పొడి, నెలకోసారి చేయించే ఇంజెక్షన్ తాలూకు చీటీ, అన్నీ ఒకచోటికి రావాలి. మూడు నాలుగేళ్ల చీటీలు, డిశ్చార్జి కాగితాలు పక్కనే పెట్టుకోండి.

తరువాత పొడుగు నోటుబుక్కులో గీతలు కొట్టి ఒక్కో మందుకి ఒక్కో వరస రాయండి. పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉన్న కంపెనీ పేరు, దాని కింద చిన్నక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ వేళ, ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారు, దేనికి. చివరి గడి ముఖ్యం: నిజంగా వేస్తున్నారా? చీటీలో రోజుకు రెండు అని ఉండి, పది రోజుల కిందట కొన్న ఇరవై మాత్రల్లో పది మిగిలి ఉంటే, సగమే కడుపులోకి పోతోంది. దవడలో దాచి ఉమ్మేసేవాళ్లు, జేబులో వేసుకునేవాళ్లు ఉంటారు. ఈ సంగతి తెలియక "మోతాదు చాలలేదు" అని డాక్టరు పెంచిన సందర్భాలు చాలా.

అట్ట వెనక పేరు ఒకే చోట ముద్రించి ఉంటే చిక్కే. షాపులో ఆరు మాత్రలు కత్తిరించి ఇస్తే పేరు, గడువు తేదీ ఉన్న ముక్క వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. పేరున్న వైపు నుంచి ఇమ్మని అడగండి, లేదా బిల్లు తీసుకోండి. పేరు లేని అట్టముక్కలు ఇంట్లో ఉంటే వాటిని ఊహించి రాయొద్దు, విడిగా కవర్లో వేసి డాక్టరుకి చూపించండి.

అసలు మందు పేర్లు రాశాక జంటలు బయటపడతాయి. విశాఖలో రాసిన కంపెనీ మాత్ర మీద చిన్నక్షరాల్లో టెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ 5 అని ఉంటుంది. నిరామయ కౌంటరులో ఇచ్చిన అట్ట మీద కంపెనీ పేరు కన్నా మందు పేరే కనిపిస్తుంది: ఆమ్లోడిపిన్ 5. రంగు వేరు, సైజు వేరు, అందుకని రెండూ వేస్తున్నారు. పొద్దున పది మిల్లీగ్రాముల ఆమ్లోడిపిన్ పడుతోందని ఎవరికీ తెలియదు. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన షుగర్ మాత్రల్లో, గ్యాస్ మాత్రల్లో కూడా ఇదే జరుగుతుంది.

కలిపి చేసిన మాత్రల్లో దాక్కున్నవి కూడా చూడండి. కడుపునొప్పికని ఇచ్చే కొన్ని మాత్రల్లో క్లోర్‌డయాజెపాక్సైడ్ ఉంటుంది, అది నిద్రమాత్రల కుటుంబమే. దానితోపాటు క్లిడీనియం, డైసైక్లోమిన్ ఉంటాయి, ఆ రెండూ మతిని మందగింపజేస్తాయి. దిగులుకి ఇచ్చే ఎస్‌సిటలోప్రామ్‌లో క్లోనజెపామ్ కలిపి అమ్ముతారు. జలుబు బిళ్లల్లో చాలావాటిలో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది.

రెండో పని: గొలుసులు పట్టుకోవడం

అక్కర్లేని మందులు చాలావరకు ఇలా పుడతాయి. ఒక మందు ఒక బాధ తెస్తుంది, ఆ బాధని కొత్త జబ్బు అనుకుని ఇంకో మందు ఇస్తారు. జాబితాలో తేదీలు వరసగా ఉంటే గొలుసు కంటికి కనిపిస్తుంది. అందుకే "ఎప్పుడు మొదలైంది" గడి ఖాళీగా వదలొద్దన్నది.

పైన చెప్పిన ఆమ్లోడిపిన్‌నే తీసుకోండి. మోతాదు రెట్టింపై పాదాలు వాస్తాయి. వాపుకి నీటిమాత్ర ఫ్యూరోసెమైడ్ ఇస్తారు. ఆమ్లోడిపిన్ తెచ్చిన వాపు నీటిమాత్రకి పెద్దగా లొంగదు. కానీ రాత్రి నాలుగుసార్లు లేవడం, పొటాషియం తగ్గడం, లేచినప్పుడు బీపీ పడిపోవడం మాత్రం వస్తాయి. చీకట్లో బాత్రూముకి వెళ్తూ పడతారు, తుంటి ఎముక విరుగుతుంది. ఇక్కడ మొదట పోవాల్సింది రెండో ఆమ్లోడిపిన్. వాపు తగ్గాక నీటిమాత్ర అవసరమా అని అడగాలి. అయితే గుండె బలహీనత వల్ల నీటిమాత్ర వేస్తుంటే ఆ లెక్క వేరు, దాన్ని మీ అంతట మీరు ముట్టుకోవద్దు.

రెండో గొలుసు గ్యాస్ దగ్గర మొదలవుతుంది. పాంటోప్రజోల్‌తో గానీ రాబెప్రజోల్‌తో గానీ లెవోసల్పిరైడ్ కలిపిన క్యాప్సూల్ మనవైపు విరివిగా రాస్తారు. కళ్లు తిరగడానికి ప్రోక్లోర్‌పెరజిన్, సినరిజిన్, తలనొప్పికి ఫ్లూనరిజిన్ ఇస్తారు. లెవోసల్పిరైడ్‌తో కలిపి ఈ నాలుగూ నెలల తరబడి వాడితే పార్కిన్సన్‌లాంటి లక్షణాలు తెప్పిస్తాయి: అడుగు చిన్నదవుతుంది, చెయ్యి వణుకుతుంది, ముఖంలో కదలిక పోతుంది, మాట మెత్తబడుతుంది. అప్పుడు వణుకుకి ట్రైహెక్సీఫెనిడిల్ వస్తుంది. అది మతిమరుపుని ఇంకా పెంచుతుంది. మొదటి మందు ఆపితే ఆ లక్షణాలు సాధారణంగా కొన్ని వారాల్లో, ఒక్కోసారి కొన్ని నెలల్లో తగ్గుతాయి. ఓపిక పట్టాలి.

మూడోది మరీ విడ్డూరం. జ్ఞాపకానికి ఉపయోగపడే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం ఈ జబ్బులో ఎలాగూ తక్కువ. దాన్ని నిలబెట్టడానికి డోనెపెజిల్ ఇస్తారు. డోనెపెజిల్ వల్ల కొందరికి మూత్రం ఆగదు. దానికి ఆక్సీబ్యుటినిన్, సోలిఫెనసిన్, టాల్టెరోడిన్ లాంటివి రాస్తారు. అవి అసిటైల్‌కోలిన్‌ని అడ్డుకునేవి. ఒకదాని పనిని ఇంకొకటి చెరిపేస్తుంది, రెండింటి డబ్బూ మనదే. ఇలా అడ్డుకునేవి ఇంకా ఉన్నాయి: అమిట్రిప్టిలిన్, ట్రైహెక్సీఫెనిడిల్, హైడ్రాక్సిజిన్, ప్రోమెథజిన్, ఫెనిరమిన్, క్లోర్‌ఫెనిరమిన్, డైసైక్లోమిన్. నోరు ఎండిపోవడం, మలబద్ధకం, మూత్రం బిగుసుకోవడం, మసకచూపు, సాయంత్రాలు తికమక ఎక్కువవడం వీటి గుర్తులు. చెమట కూడా సరిగ్గా పట్టనివ్వవు, రాయగడ వైపు వైశాఖ మాసం ఎండలో అది చిన్న సంగతి కాదు.

వృద్ధులకి సాధ్యమైనంతవరకు ఇవ్వకూడని మందుల పట్టిక ఒకటి ఉంది, బీర్స్ జాబితా అంటారు. 1991లో మొదలైంది, అమెరికా వృద్ధవైద్యుల సంఘం 2023లో సవరించింది. పై మందుల్లో చాలావరకు అందులో ఉన్నాయి. డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఆ పేరు ఎత్తితే వాదనలా కాకుండా సంప్రదింపులా ఉంటుంది.

మూడో పని: ఒక డాక్టరుని పట్టుకోవడం

జాబితా పట్టుకుని నలుగురి దగ్గరికీ తిరిగితే నాలుగు మాటలు వస్తాయి. ఒక్కరిని పెద్దదిక్కుగా అనుకోండి. జిల్లా ఆసుపత్రి మెడిసిన్ డాక్టరు గానీ, మానసిక వైద్యుడు గానీ, బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రిలోనో కోరాపుట్ షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాలలోనో చూసేవారు గానీ, మీరు నెలకోసారి చేరుకోగలిగినవాళ్లు అయితే చాలు. విశాఖలో పేరున్న నిపుణుడి కన్నా నెలనెలా కనిపించే మామూలు డాక్టరే ఈ పనికి మేలు. విశాఖ గుండె డాక్టరు రాసినవి మార్చాలంటే ఆయనకి ఫోన్లో గానీ చీటీ మీద గానీ అడిగించండి.

హైదరాబాదు నుంచి సెలవుకి వచ్చిన కొడుకు ఒక్కడే డాక్టరు దగ్గరికి వెళ్తే సగం మాట పోతుంది. ఒడియా వచ్చినవాళ్లు, రోజూ మాత్రలు వేసేవాళ్లు పక్కన ఉండాలి. చాలా ఇళ్లలో ఆ ఇద్దరూ ఒకరే, కోడలు.

వెళ్లేముందు ఇవి సిద్ధం చేసుకోండి. పెద్దవాళ్లని ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్లీ చూడండి. పైఅంకె 20 గానీ కిందిఅంకె 10 గానీ పడిపోతే బీపీ మందులు ఎక్కువయ్యాయేమో అడగాలి. బరువు, ఆరు నెలల కిందటి బరువు. నాడి నిమిషానికి ఎన్ని. క్రియాటినిన్, సోడియం, పొటాషియం, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12 పరీక్షలు ఈ మధ్య చేయించకపోతే చేయించమని అడగండి. డోనెపెజిల్ వేస్తూ నాడి 55 కన్నా తక్కువ ఉన్నా, స్పృహ తప్పి పడినా ఈసీజీ కావాలి. మెటోప్రొలాల్‌తో కలిస్తే నాడి ఇంకా మెల్లగా కొట్టుకుంటుంది.

గదిలోకి వెళ్లాక "మందులు ఎక్కువైపోయాయండీ" అంటే పని జరగదు. జాబితా చేతికిచ్చి, "ఈ మూడింటికి కారణం మాకు తెలియలేదు. వీటిలో మొదట ఏది తగ్గించవచ్చు? ఎంత చొప్పున? ఏం కనిపిస్తే మళ్లీ మొదలుపెట్టాలి?" అని అడగండి. జవాబు చీటీ మీద రాయించుకోండి.

నాలుగో పని: వరస పెట్టుకుని, ఒక్కొక్కటిగా

ఒకసారికి ఒక్క మందే. రెండు కలిపి తగ్గిస్తే, తేడా వచ్చినప్పుడు ఏది కారణమో తేలదు, రెండూ మళ్లీ మొదలవుతాయి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య కనీసం రెండు వారాలు, నిద్రమాత్రల్లాంటివైతే ఇంకా ఎక్కువ వ్యవధి ఉండాలి. ఇంట్లో పెళ్లి, ఠాకురాణి యాత్రకి చుట్టాలు, ఇల్లు మారడం, జ్వరం, ఇవేవీ లేని వారాలు చూసి మొదలుపెట్టండి.

జంటగా పడుతున్నవి మొదట పోతాయి. తరువాత ఏ నష్టం లేకుండా ఆపగలిగేవి: సిటికోలిన్, పిరాసెటామ్, జింకో లాంటి "మెదడు బలం" మాత్రలు, కారణం లేని విటమిన్లు. డిమెన్షియాలో వీటి మేలు సరిగ్గా రుజువు కాలేదు, నెల ఖర్చులో మాత్రం పెద్ద వాటా వీటిదే. బీ12 తక్కువగా ఉండి ఇస్తుంటే మాత్రం ఉంచాలి, మెట్‌ఫార్మిన్, గ్యాస్ మాత్ర ఏళ్లతరబడి వేసేవాళ్లకి అది తగ్గుతుంది. ఆ తరువాత పైన చెప్పిన అసిటైల్‌కోలిన్‌ని అడ్డుకునేవి. వీటిలో అమిట్రిప్టిలిన్, ట్రైహెక్సీఫెనిడిల్ మెట్లుగా దించాలి.

షుగర్ మందులకి ఆలస్యం చెయ్యొద్దు. మతిమరుపు పెరిగేకొద్దీ తిండి తగ్గుతుంది, మాత్ర మాత్రం పాత లెక్కే. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ ఉన్న మాత్రలు రెండు ముద్దలు తిన్న మనిషిలో షుగర్‌ని 70 కన్నా కిందికి లాగుతాయి. తెల్లవారుజామున చెమటలు, పిచ్చిమాటలు, లేపితే లేవకపోవడం కనిపిస్తే షుగర్ చూడండి. గ్లిబెన్‌క్లమైడ్ ప్రభావం చాలాసేపు ఉంటుంది కాబట్టి వృద్ధులకి అది అసలు వద్దు. ఈ వయసులో, ఈ జబ్బులో హెచ్‌బీఏ1సీ 8 దరిదాపుల్లో ఉంటే చాలంటారు వైద్యులు. ఆరున్నర ఉంటే సంతోషించే సంగతి కాదు, మందు ఎక్కువైందేమో అడగాల్సిన సంగతి. షుగర్ పడిపోయిన మనిషి స్పృహలో ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా 108కి ఫోన్ చెయ్యండి. తేరుకున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఆ మాత్రల వల్ల ఒక రోజులోపు మళ్లీ పడిపోవచ్చు.

గ్యాస్ మాత్ర ఒక్కసారిగా ఆపితే కొన్నాళ్లు మంట ఎక్కువవుతుంది. అది చూసి "ఇది లేకుండా కుదరదు" అని తేల్చేస్తారు. పాంటోప్రజోల్ 40 ని 20కి దించి నాలుగు వారాలు ఉంచి, తరువాత అవసరమైనరోజే వేసే పద్ధతి మేలు. ఈ మాత్రని నూరకూడదు, విరవకూడదు. కడుపులో పుండు పడి రక్తం పోయినవాళ్లకి, ఆస్పిరిన్‌తో క్లోపిడోగ్రెల్ కలిపి వేసేవాళ్లకి దీన్ని ఆపకూడదు.

నిద్రమాత్ర దించే లెక్క

సహనం ఎక్కువగా కావలసింది ఇక్కడే. రెండు వారాలకోసారి పావువంతు చొప్పున, చివర్లో అందులో సగం చొప్పున దించడం వాడుకలో ఉన్న పద్ధతి. రాత్రి క్లోనజెపామ్ 0.5 ఏళ్లుగా వేస్తున్నారనుకోండి. డాక్టరుతో 0.25 మాత్రలు రాయించుకోండి. నోట్లో కరిగిపోయే రకం వద్దు, విరిస్తే పొడి అయిపోతుంది. మధ్యలో గీత ఉన్నవి తీసుకుని, షాపులో దొరికే మాత్రలు కోసే డబ్బాతో కోయండి. కత్తిపీటతో కోస్తే ఒక ముక్క పెద్దది, ఒకటి చిన్నది అవుతాయి.

మొదటి రెండు వారాలు ఆ 0.25 మాత్రలే రాత్రికి ఒకటిన్నర. తరువాత రెండు వారాలు ఒకటి. ఆ తరువాత రెండు వారాలు అర. ఆఖరి అర దగ్గర తొందరపడొద్దు. వారానికి ఒక రాత్రి మానేసి, తరువాత రెండు రాత్రులు, ఆపైన రాత్రి విడిచి రాత్రి, అలా సున్నాకి రావాలి. ప్రతి మెట్టులో నాలుగైదు రాత్రులు నిద్ర చెడుతుంది, చిరాకు పెరుగుతుంది. అప్పుడు అదే మెట్టు మీద ఇంకో రెండు వారాలు ఆగండి గానీ పాత మోతాదుకి ఎగబాకొద్దు. ఐదారేళ్లుగా వాడినవాళ్లకి ఈ పని నాలుగైదు నెలలు పట్టినా తప్పులేదు. చెయ్యి బాగా వణికినా, లేనివి కనిపిస్తున్నాయన్నా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆసుపత్రి.

పక్కనే చేయాల్సినవి: పొద్దున అరగంట అరుగు మీద ఎండపొడ తగిలేలా కూర్చోబెట్టడం, పగటి కునుకు అరగంటకి మించకుండా చూడటం, సాయంత్రం ఆరు తరువాత టీ మానడం, నీటిమాత్ర వేస్తుంటే అది పొద్దున్నే వేయడం, డోనెపెజిల్ రాత్రి వేస్తే పీడకలలు వస్తుంటే పొద్దుటికి మార్చవచ్చా అని అడగడం. నిద్రమాత్ర దించడానికి ముందే ఇవి మొదలైతే సగం పని అయినట్టే.

కోపం, భ్రమలకి ఇచ్చినవి

రిస్పెరిడోన్, క్వెటియపిన్, ఓలాంజపిన్, హాలోపెరిడాల్ లాంటివి కొట్టడం, తిట్టడం, అనుమానాలు మితిమీరినప్పుడు తాత్కాలికంగా ఇస్తారు. మతిమరుపు ఉన్న వృద్ధుల్లో వీటివల్ల మరణాల ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో కొత్తరకం మందుల మీద, 2008లో పాతరకం వాటి మీద పెద్ద హెచ్చరిక ముద్రించమంది. మొదలుపెట్టిన నాలుగు నెలల్లోపు తగ్గించి చూడాలనేది అమెరికా మానసిక వైద్యుల సంఘం సూచన. మన దగ్గర మూడేళ్ల కిందటి చీటీ మీదే తెచ్చి వేస్తూ ఉంటారు.

మనిషి మూడు నెలలుగా కుదురుగా ఉంటే దించే మాట ఎత్తండి. రిస్పెరిడోన్ 1 మిల్లీగ్రాము అయితే 0.5, తరువాత 0.25, ఆపైన ఆపడం, ఒక్కో మెట్టుకి రెండు వారాలు. దానికి జోడుగా వేస్తున్న ట్రైహెక్సీఫెనిడిల్ తరువాత పోతుంది. రెండూ ఒకే మాత్రలో ఉంటే విడివిడిగా రాయించుకోవాలి, లేకపోతే మెట్లు వెయ్యడం కుదరదు. ఆపాక నాలుగు నెలలపాటు నెలకోసారి డాక్టరుకి చూపించండి. మతిమరుపు రాకముందు నుంచీ ఉన్న మానసిక జబ్బుకి వాడుతుంటే ఈ లెక్క వర్తించదు.

మళ్లీ కోపం వస్తే ముందు మాత్ర కాదు, కారణం వెతకండి. మలబద్ధకం ఎన్ని రోజులు? మూత్రం మంటా? పంటి నొప్పా? కట్టుడుపళ్లు గుచ్చుకుంటున్నాయా? చెవిటిమిషన్ బ్యాటరీ అయిపోయిందా? నోరు విప్పి చెప్పలేని నొప్పికి డాక్టరుని అడిగి పారాసెటమాల్ 500 వేళకి వేస్తే కోపం దిగిన సందర్భాలు చాలా ఉంటాయి. నొప్పికి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ మాత్రం వద్దు, మూత్రపిండాలకి, కడుపుకి, బీపీకి మూడింటికీ చేటు.

డోనెపెజిల్, మెమాంటిన్ ఆపాలా?

మతిమరుపు మందే ఆపెయ్యడమంటే ఇంట్లో అందరికీ మనసొప్పదు. ఏడాదికి పైగా వాడి, గత ఆరు నెలల్లో వేరే కారణం లేకుండా బాగా దిగజారినా, మంచానికే పరిమితమై మనుషుల్ని పోల్చుకోలేని దశకి వచ్చినా, మందు వల్ల విరేచనాలు, బరువు తగ్గడం, నాడి మందగించడం ఉన్నా ఆపి చూడవచ్చు. నాలుగు వారాలకోసారి మోతాదు సగం చెయ్యాలి: డోనెపెజిల్ అయితే 10 నుంచి 5, తరువాత ఆపడం. ఆపిన కొన్ని వారాల్లోనే మాట, తిండి, గుర్తుపట్టడం స్పష్టంగా దిగితే ఆలస్యం చెయ్యకుండా డాక్టరుని అడిగి మళ్లీ మొదలుపెట్టండి. రెండూ కలిపిన మాత్ర అయితే ఇక్కడా విడదీయించుకోవాలి.

తగ్గించాక రోజూ రాయాల్సింది

అదే నోటుబుక్కులో రాత్రి రెండు వరుసలు చాలు: ఎంత తిన్నారు, ఎన్ని గంటలు పడుకున్నారు, విరేచనం అయిందా, తూలారా లేక పడ్డారా, ఎలా ఉన్నారు. బీపీ మందు తగ్గించిన వారాల్లో రోజు విడిచి రోజు బీపీ రాయండి. ఒక్క రోజు అంకె చూసి బెదరొద్దు, వారం అంకెలు కలిపి చూడాలి.

తేడా ఎప్పుడు వచ్చిందన్నదే అసలు ఆనవాలు. మెల్లగా రెండు మూడు వారాల్లో పాత బాధ తిరిగొస్తే ఆ మందు అవసరమే కావచ్చు. తగ్గించిన రెండు మూడు రోజుల్లో చిరాకు, చెమట, నిద్రలేమి వస్తే మందు వదిలే బాధ, చాలావరకు తగ్గిపోతుంది. ఒక్క పూటలో మనిషి పూర్తిగా మారిపోతే, మగతగా పడి ఉంటే, లేదా రాత్రంతా గోల చేస్తే మందు తగ్గించడాన్ని తిట్టుకుంటూ కూర్చోవద్దు. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, ఒంట్లో నీరు తగ్గడం, సోడియం పడిపోవడం, మూత్రం నిలిచిపోవడం ఇలాగే కనిపిస్తాయి. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఎండాకాలంలో నీటిమాత్ర, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన బీపీ మాత్ర వేసేవాళ్లకి అన్నం, నీళ్లు సహించని రోజున ఏం చెయ్యాలో ముందే డాక్టరుని అడిగి రాసి పెట్టుకోండి.

ఇంట్లో ఎటూ తోచనప్పుడు టెలీ మానస్ 14416కి ఫోన్ చేయవచ్చు. మందు వల్ల కలిగిన చెడుని తెలపడానికి దేశవ్యాప్త ఉచిత నంబరు 1800-180-3024.

తీసేసినవి తిరిగి రాకుండా

ఆపిన మందు అట్టలు ఇంట్లో ఉంచితే ఎవరో ఒకరు మళ్లీ వేస్తారు. మాత్రలు అట్టల నుంచి తీసి తడిమట్టిలోనో వాడేసిన టీపొడిలోనో కలిపి కవర్లో మూటకట్టి చెత్తలో వెయ్యండి. నూతిలో, కాలవలో వద్దు. మందుల షాపుకి పాత చీటీ పంపి "నెల మందులు" తెప్పించే అలవాటు మానండి, కొత్త జాబితా ఫోటో పంపండి. నిరామయ కౌంటరుకి వెళ్లే మనిషికీ ఒక కాగితం ఇవ్వండి.

పడిపోయో జ్వరమొచ్చో ఆసుపత్రిలో చేరితే డిశ్చార్జి చీటీలో గ్యాస్ మాత్ర, నిద్రమాత్ర, కొత్త విటమిన్లు చేరి ఉంటాయి. గేటు దాటకముందే జాబితాతో పోల్చి, కొత్తవాటి పక్కన ఎన్ని రోజులు వెయ్యాలో రాయించుకోండి. ఆపిన మందులు కొట్టివేతగా కాకుండా, "ఆపాం, ఫలానా తేదీ, ఫలానా కారణం" అని జాబితా అడుగున విడిగా ఉండాలి. లేకపోతే తరువాతి డాక్టరు అదే మందుని కొత్తగా రాస్తారు.